షుగర్ పొడికి కూడా ఇప్పుడు ఇంటర్నేషనల్ జర్నల్ కావాలి

అడిగిన ప్రశ్న: ఇంటర్నెట్ వచ్చాక సైన్స్ పేపర్ల ప్రచురణ ఎలా మారింది? దానివల్ల జనానికి సైన్స్ మీద నమ్మకం పెరిగిందా, తగ్గిందా?

తగ్గిందనే అందరూ అంటున్నారు. నేనైతే ఒప్పుకోను. మన దగ్గర సైన్స్ మీద నమ్మకం అవసరానికి మించే ఉంది. నా చిన్నప్పుడు మా ఊరి సంతలో మందు అమ్మేవాడు హిమాలయాల్లో స్వామీజీ ఇచ్చాడనో, తాతల నాటి తాళపత్రంలో ఉందనో చెప్పేవాడు. ఇప్పుడు అతని కొడుకు అదే పొడిని డబ్బాలో పోసి "సైంటిఫికల్లీ ప్రూవ్డ్, ఇంటర్నేషనల్ జర్నల్‌లో పడింది" అంటున్నాడు. జనానికి సైన్స్ మీద గురి లేకపోతే వాడికి ఆ మాట ఎందుకు? స్వామీజీతోనే సరిపెట్టుకునేవాడు.

నేను ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను. ఎలుకలు, ఎం.ఫార్మ్ ప్రాజెక్టులు, కాలేజీకి గుర్తింపు గ్రేడు కోసం న్యాక్ ఫైళ్ళు, ఇదీ నా లోకం. కాబట్టి భౌతికశాస్త్రం వాళ్ళకీ గణితం వాళ్ళకీ నా మాటలు వర్తించకపోవచ్చు. వాళ్ళది వేరే కథ. 1991లో లాస్ అలమోస్‌లో పాల్ గిన్‌స్పార్గ్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ పేపర్ల కొట్టు మొదలుపెట్టిన దగ్గర్నుంచి వాళ్ళు తమ పేపర్లు ముందు అక్కడ పెట్టి, జర్నల్‌లో ఎప్పుడు వస్తే అప్పుడు అన్నట్టు హాయిగా ఉన్నారు. మందుల వైపు ఉన్నవాళ్ళకి ఆ అలవాటు చాలా ఆలస్యంగా వచ్చింది. అదీ కోవిడ్ తరుముకొస్తే వచ్చింది.

నేను ఎం.ఫార్మ్ చదివిన రోజుల్లో ఒక పేపర్ కావాలంటే పేపర్ల సారాంశాలుండే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు దించుకుని, దుమ్ము దులుపుకుని, కావలసినది దొరికితే కాగితం మీద రాసుకుని, దాని రచయితకి కార్డు ముక్క రాసేవాళ్ళం: "అయ్యా, మీ పేపర్ ప్రతి ఒకటి పంపగలరు." జర్మనీ నుంచో జపాన్ నుంచో కవరు వచ్చేది. స్టాంపులు మా ల్యాబ్ అటెండరు కొడుక్కి. అక్కడా దొరక్కపోతే ఢిల్లీలో ఇన్స్‌డాక్ అనే ప్రభుత్వ పత్రాల కేంద్రానికి డబ్బు కట్టి ఫొటోస్టాట్ తెప్పించుకోవాలి. అది వచ్చేసరికి మా గైడు గారికి ఆ టాపిక్ మీద మోజు పోయేది. ఆ రోజులు బంగారమని నేననను. అప్పటి అవస్థ మళ్ళీ ఎవరికీ వద్దు.

కానీ అప్పుడు జర్నల్‌కి డబ్బిచ్చేది లైబ్రరీ. చెత్త వేస్తే వచ్చే ఏడు చందా ఆపేస్తారన్న భయం ఎంతో కొంత ఉండేది. నెట్ వచ్చాక అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు పోయాయి. చదివేవాడు ఊరికే చదువుకోవచ్చు, రాసినవాడే డబ్బు కట్టాలి అన్నారు. ప్లాస్ లాంటి ప్రచురణ సంస్థలవాళ్ళు మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. కాకపోతే కొనేవాడు చదివేవాడు కాకుండా రాసేవాడయ్యాడు. రాసేవాడికి కావలసింది ఒకటే, పేపర్ పడాలి. ఆ ఒక్కటీ అమ్మడానికి ఒక గది, ఒక కంప్యూటరు, ఒక వెబ్‌సైటు చాలు. ఈ ప్రశ్నకి మిగతావాళ్ళు ఎన్ని జవాబులు రాసినా, మొత్తం గొడవకి మూలం ఈ డబ్బు దిశ మారడమే అని నా ఖచ్చితమైన అభిప్రాయం.

దానికి మన యూజీసీ ఆజ్యం పోసింది. 2010లో ఏపీఐ అని పాయింట్ల పద్ధతి తెచ్చారు. పేపరుకి ఇన్ని పాయింట్లు, సెమినారుకి ఇన్ని. పాఠం బాగా చెప్పే మాస్టారుకి కూడా ప్రమోషన్ కోసం పేపర్లు వేయక తప్పలేదు. డిగ్రీ కాలేజీలో వారానికి పద్దెనిమిది ఇరవై పీరియడ్లు చెప్పేవాడు, ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ పనిచేయనివాడు, పరిశోధన ఎక్కడ చేస్తాడు? కొనుక్కుంటాడు. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ ఒక దొంగ పేపర్ తయారుచేశాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలని ఆపుతుందని, లేని రచయితల పేర్లతో, ఫార్మసీ మూడో ఏడు కుర్రాడు కూడా పట్టేసే తప్పులతో. 304 జర్నల్స్‌కి పంపితే 157 వేసుకుంటామన్నాయి. అతను పంపినవాటిలో మూడోవంతు మన దేశంలోవే. ఇక మన హైదరాబాద్ సంగతి తెలిసిందే. అక్కణ్ణుంచి నడిచిన ఓమిక్స్ అనే జర్నల్స్ కంపెనీ మీద, రచయితల్ని మోసం చేస్తోందని, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. ఐటీలో, వ్యాక్సిన్లలో పేరు తెచ్చుకున్న ఊరికి ఈ పేరు కూడా రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2018 మేలో యూజీసీయే తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నల్స్ తీసేసింది. ఆమోదించింది ఎవరండీ? వాళ్ళే. తర్వాత కేర్ లిస్ట్ అని ఇంకో జాబితా తెచ్చారు. 2025లో దాన్నీ ఎత్తేసి మీ సంస్థలే చూసుకోండి అన్నారు. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కాదని 2022లో చెప్పారు, అది మాత్రం మంచి పని. కానీ ఇంటర్వ్యూ బోర్డులో "ఎన్ని పేపర్లున్నాయి?" అనే ప్రశ్న మారిందా? ఏం మారలేదు.

నా ఇన్‌బాక్స్ మీకు చూపించాలని ఉంది. "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే, డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని రోజూ వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడే ఎమినెంట్ అయిపోయాను. దంతవైద్యం జర్నల్‌కి ఎడిటోరియల్ బోర్డు, చేపల పెంపకం జర్నల్‌కి రివ్యూయరు, అన్నిటికీ నేనే కావాలి. వాట్సాప్ గ్రూపులు ఇంకా దారుణం. "స్కోపస్, రెండు నెలల్లో గ్యారంటీ, రెండో ఆథర్ అయిపోయింది, నాలుగో ఆథర్ ఖాళీ ఉంది" అని ధరలతో సహా పెడతారు. స్కోపస్ అంటే పేరున్న జర్నల్స్ జాబితా. ఆ పేపర్ దేని గురించో ఎవరూ అడగరు. ఇదేదో మన దేశపు జబ్బు అనుకునేరు. హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్‌లో పడిన పేపర్లు 2023 ఒక్క ఏడాదిలో 8,000 పైన వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అవి వైలీ అనే పెద్ద సంస్థ చేతిలో ఉన్నవి.

సరే, నమ్మకం దగ్గరికి వస్తాను. మా బాబాయి రిటైర్డ్ తహసీల్దారు. కాగితం విలువ తెలిసిన మనిషి. షుగర్ ఎప్పటినుంచో ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. ఒక సంక్రాంతికి వెళ్తే పిన్ని వంటింట్లోంచే "మీ బాబాయి మాత్రలు మానేశాడురా, నువ్వైనా చెప్పు" అంది. ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టినవాడి దగ్గర ఏదో ఆకుల పొడి కొన్నాడట. డబ్బాతో పాటు కరపత్రం, దాని మీద క్యూఆర్ కోడ్. ఫోన్‌లో స్కాన్ చేస్తే నేరుగా పీడీఎఫ్ తెరుచుకుంది. డబ్బు అడగలేదు, లాగిన్ అడగలేదు.

భోజనాల బల్ల మీద ఆ పీడీఎఫ్ పెట్టుకుని కూర్చున్నాం. చూడ్డానికి అచ్చం పేపరే. రెండు కాలమ్‌లు, అబ్‌స్ట్రాక్ట్, పైన గ్లోబు బొమ్మ, జర్నల్ గొప్పతనం చెప్పే అంకె, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, ఏడు చిల్లర. నాకు ఆ ప్రయోగం కంఠతా వచ్చు. మన రాష్ట్రంలో ఎం.ఫార్మ్ చేసిన ప్రతివాడూ ఏదో ఒక ఆకుతో అదే చేసి ఉంటాడు: విస్టార్ జాతి ఎలుకలు, గ్రూపుకి ఆరు, షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్ ఇంజెక్షన్, ఒక గ్రూపుకి గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు, ఇంకో గ్రూపుకి మన ఆకు కషాయం, 21 రోజులు, తోక నుంచి రక్తపు చుక్క, గ్లూకోమీటరు.

"చూడు బాబాయ్, ఈ పేపర్ వాళ్ళకి అందింది మార్చి 3న. ఒప్పుకున్నది మార్చి 5న. రెండు రోజుల్లో ఎవరు చదివుంటారు?"

"పని చురుగ్గా చేస్తే తప్పేంట్రా? మా ఆఫీసులో కూడా నేను ఫైలు ఆపేవాణ్ణి కాదు."

టేబుల్ చూపించాను. మొదటి రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు. సగటు చక్కగా తగ్గుతూ వచ్చింది. పక్కన ప్లస్ ఆర్ మైనస్ తర్వాత ఉండే అంకె, అంటే ఎలుక ఎలుకకీ ఎంత తేడా ఉందో చెప్పేది, మాత్రం అన్ని గడుల్లోనూ ఒకటే. అసలు ఎలుకలతో పని చేసినవాడికి ఇక్కడే తెలిసిపోతుంది. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చాక ఒకటి రెండు ఎలుకలు చచ్చిపోవడం మామూలే. ఒకదానికి షుగర్ 280 ఉంటే పక్క బోనులో దానికి గ్లూకోమీటరు అంకె కూడా చూపించకుండా 'హై' అంటుంది. ఆరు ఎలుకలు మూడు వారాల పాటు అంత క్రమశిక్షణతో ఉండటం నేనెక్కడా చూడలేదు. చివర్న రచయిత ఈమెయిల్ ఉంది. కాలేజీది కాదు, పొడి పేరుతోనే ఒక జీమెయిల్.

"ఎలుకలకి తగ్గితే నాకు తగ్గదా?"

"నీది వయసుతో, ఒంటితో వచ్చిన షుగర్ బాబాయ్. ఎలుకకి మేం విషమిచ్చి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలని చంపుతాం. ఆ రెండూ ఒకటి కావు. పైగా వీళ్ళు అసలు ఎలుకల్ని తెచ్చారో లేదో కూడా నాకు అనుమానమే."

"ఐఎస్ఎస్ఎన్ నంబరుంది కదరా. గవర్నమెంటు ఊరికే ఇస్తుందా?"

ఇదిగో, ఇక్కడ నాకు నోరు పడిపోయింది. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికకిచ్చే గుర్తింపు నంబరు మాత్రమేనని, అది ఫిలిం ఛాంబర్‌లో సినిమా టైటిల్ రిజిస్టరు చేయించుకోవడం లాంటిదని, సినిమా ఎలా ఉంటుందో దానికి సంబంధం లేదని చెప్తే కాస్త తగ్గాడు. పూర్తిగా కాదు. ఆయన మూర్ఖుడు కాడు, గుడ్డిగానూ నమ్మలేదు. నంబరు చూశాడు, తేదీ చూశాడు, సంతకాల్లాంటి పేర్లూ డిగ్రీలూ చూశాడు. జీవితమంతా దొంగ పట్టాలు పట్టుకున్నది అలాగే మరి. సైన్స్ పేపర్‌ని అలా తనిఖీ చేయడం కుదరదని ఆయనకి ఎవరు చెప్పారు? మెట్‌ఫార్మిన్ మీద ఉన్న అసలైన పేపర్ ఒకటి చూపిద్దామని వెతికితే, నా ఫోన్‌లో నలభై డాలర్లు కట్టమంది. చెత్త ఉచితంగా వస్తోంది, మంచిదానికి తాళం. బాబాయి నా మొహంలోకి చూసి, "వాడు తెరిచి చూపించాడు, మీవాళ్ళు డబ్బులడుగుతున్నారు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చివరికి పిన్ని మధ్యవర్తిత్వం చేసింది. పొడీ తిను, మాత్రలూ వేసుకో, మూడు నెలల తర్వాత సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకో అని. ఆ రిపోర్టు బాగుంటే గొప్ప ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ జర్నల్‌కి నేను మర్యాదగా ఈమెయిల్ రాశాను, టేబుల్లో అంకెలు ఇలా ఉన్నాయి, ఒకసారి చూడండి అని. జవాబు మర్నాడే వచ్చింది. నా అభ్యంతరాన్ని 'లెటర్ టు ఎడిటర్'గా వేస్తారట, ఫీజులో సగం రాయితీ ఇస్తారట.

తాళం సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉక్రోషం వెళ్ళగక్కుతాను. కేంద్రం 2024 నవంబరులో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ప్రకటించింది. మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా జర్నల్స్. బ్రహ్మాండం. కాకపోతే ప్రభుత్వ సంస్థలకే. మన రెండు రాష్ట్రాల్లో వీధికొకటి ఉన్న ప్రైవేటు ఫార్మసీ, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఈ దేశం కిందికి రారా? ఇన్నాళ్ళూ వాళ్ళంతా, వాళ్ళ మాస్టార్లంతా తాళమేసిన పేపర్లని ఊరికే తెరిచిచ్చే సై-హబ్ సైటు మీద బతికారన్నది బహిరంగ రహస్యం. దాని మీద ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2025 ఆగస్టులో కోర్టు దాన్ని ఆపేయమంది. చట్టం ప్రకారం సరే. మా కుర్రాళ్ళు ఇప్పుడు థీసిస్‌లో రిఫరెన్సులుగా ఏం పెడుతున్నారు? తెరుచుకున్నవి. అంటే ఎక్కువగా ఆ గ్లోబు బొమ్మలవే. ఇంకో పదేళ్ళకి వాటి ఫలితం కనపడుతుంది, చూస్తూ ఉండండి.

ఒప్పుకోవలసిన మంచి కూడా ఉంది. 2018 జులైలో బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళిద్దరు వెండి, బంగారం నానోకణాలతో 236 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 37 డిగ్రీల దగ్గర, సూపర్ కండక్టివిటీ, అంటే కరెంటుకి ఏ అడ్డూ లేకపోవడం, కనిపించిందని ఆర్కైవ్‌లో పెట్టారు. నిజమైతే నోబెల్ సరుకు. ఎంఐటీలో ఉన్న బ్రయాన్ స్కిన్నర్ ఆ గ్రాఫుని పెద్దది చేసి చూశాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన రెండు కొలతల్లో నాయిస్, అంటే ఆ చిన్న చిన్న వణుకులు, చుక్కకి చుక్క ఒకేలా ఉన్నాయి. మామూలుగా అలా రావు. ఆ సంగతీ ఆర్కైవ్‌లోనే పెట్టాడు. 2019లో వాళ్ళు మరింత డేటాతో సవరించిన పేపర్ పెట్టారు, అది వేరే విషయం. నెట్ లేని రోజుల్లో ఈ గ్రాఫు జర్నల్‌లో చిన్న నలుపు తెలుపు బొమ్మగా వచ్చేది, ఎవడికీ తట్టేది కాదు. మా బాబాయి పీడీఎఫ్‌లో ప్లస్ ఆర్ మైనస్ నేను పట్టినట్టే, పేపర్ల మీద వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్ సైటులో ప్రపంచమంతా పట్టుకుంటున్నారు. రిట్రాక్షన్ వాచ్ అనే సైటు వాళ్ళు 2010 నుంచీ రిట్రాక్షన్ల, అంటే వెనక్కి తీసుకున్న పేపర్ల, లెక్క రాస్తూనే ఉన్నారు.

చిక్కేమిటంటే, పేపర్ వెళ్ళిన చోటికల్లా రిట్రాక్షన్ వెళ్ళదు. 2020 జనవరి 31న ఢిల్లీ ఐఐటీ వాళ్ళు కొందరు కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన ముక్కలున్నాయని, ఆర్కైవ్ లాంటిదే జీవశాస్త్రానికి ఉన్న బయోఆర్కైవ్‌లో పెట్టారు. అక్కడే కింద వ్యాఖ్యల్లో శాస్త్రవేత్తలు చీల్చి చెండాడారు. ఫిబ్రవరి 2కల్లా వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. సైన్స్ పనిచేయాల్సిన తీరు అదే, నిజానికి మెచ్చుకోవాలి. కానీ మా ఫ్యామిలీ గ్రూపులో ఆ పేపర్ మొదటి పేజీ లాక్‌డౌన్ అయిపోయాక కూడా తిరిగింది. వెనక్కి తీసుకున్నట్టు నేను పెట్టిన లింకుకి ఒక బొటనవేలు కూడా రాలేదు. పెద్ద జర్నల్ అయితే చాలు అనుకునేవాళ్ళకి ఇంకోటి: 2020 మే 22న లాన్సెట్‌లో, కోవిడ్‌కి వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీద, 96 వేల మంది రోగుల లెక్కతో పేపర్ వచ్చింది. దాని దెబ్బకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద పరీక్షలు కొన్నాళ్ళు ఆపింది. డేటా చూపించమంటే ఇచ్చిన సంస్థ చూపించలేకపోయింది. జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. అక్కడ తేదీలూ నంబర్లూ లోగోలూ అన్నీ పక్కాగానే ఉన్నాయి మరి.

కోవాగ్జిన్ విషయంలో నాకు బాధేసేది కూడా ఇదే. మన హైదరాబాద్‌లో తయారైన టీకా. 2021 జనవరి 3న అనుమతిచ్చారు, మూడో దశ ఫలితాలు రాకముందే. 77.8 శాతం పనిచేస్తుందన్న ఫలితాల పేపర్, వైద్యం వాళ్ళ ఆర్కైవ్ అయిన మెడ్‌ఆర్కైవ్‌లో కనిపించింది జులైలో, లాన్సెట్‌లో నవంబరులో. మధ్యలో ఆ ఆర్నెల్లూ మా స్టాఫ్ రూమ్‌లో ఫార్మకాలజీ చెప్పే మేమే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, పక్కింటివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీక. టీకా మంచిదే, నేనూ వేయించుకున్నాను. కానీ చేతిలో కాగితం లేకుండా నమ్మమనడం, పక్కన పొడి వాడేమో కాగితం చేతిలో పెట్టి నమ్మమనడం! జనం ఎటు మొగ్గుతారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

కాబట్టి నన్నడిగితే మొదట తీసేయాల్సింది పేపర్లని లెక్కపెట్టి పాయింట్లివ్వడం. జర్నల్స్ కోసం కొత్త జాబితాలూ, విద్యార్థులకి 'రీసెర్చ్ ఎథిక్స్' క్రెడిట్ కోర్సులూ కంటితుడుపు. ఆ కోర్సు చెప్పే బాధ్యత మా కాలేజీలో ఎవరికి పడిందో చెప్తే మీరు నవ్వుతారు, వద్దులెండి.

2025 ర్యాంకింగుల్లో, కాలేజీలకి ర్యాంకులిచ్చే కేంద్రం వారి ఎన్ఐఆర్ఎఫ్ వాళ్ళు రిట్రాక్ట్ అయిన పేపర్లకి నెగటివ్ మార్కులు పెట్టారు. ఇన్నాళ్ళకి మంచి పని చేశారనుకున్నాను. ఆ వెంటనే మా దగ్గర మీటింగ్ పెట్టారు. యాజమాన్యం తరఫున వచ్చినాయన గంభీరంగా చెప్పిన మాట ఇది: "ఇకమీదట రిట్రాక్షన్ హిస్టరీ ఉన్న జర్నల్స్ జోలికి పోకండి. ఒక్క పేపర్ కూడా వెనక్కి తీసుకోని జర్నల్స్ చూసుకుని వాటిలోనే వేయండి." అందరూ తలలూపారు. నేను బల్ల కింద ఫోన్ తీసి బాబాయి షుగర్ పొడి వేసిన జర్నల్ వెబ్‌సైటు చూశాను. మొదలుపెట్టిన నాటినుంచీ ఒక్క రిట్రాక్షన్ లేదు.